పాతరేవు గుంజ

పాతరేవులో వైకుంఠరావు గారి రాతివిగ్రహం సముద్రానికి ముఖం పెట్టి నిలబడి ఉండేది. తలపాగా, భుజం మీద కండువా, చేతిలో పొన్నుకర్ర. బతికుండగా ఆయన సముద్రం వైపు చూసింది ఒకే ఒక్క పని మీద, ఓడ వచ్చిందో లేదో తెలుసుకోడానికి. మనుషుల్ని ఎగుమతి చేసే వ్యాపారం ఆయనది. టెక్కలి మొదలుకొని ఉద్దానం దాకా పంట పోయిన రైతునీ, తెప్ప పోయిన జాలరినీ పోగుచేసి, కాగితం మీద వేలిముద్ర వేయించి, రేవు పక్కన కొట్టంలో పెట్టి తాళం వేసేవాడు. ఓడ రాగానే ఎక్కించేవాడు. ఓడ మద్రాసు పోయేది. అక్కణ్ణించి ఎక్కడో చెరకుతోటల దీవులకి.

దాన్ని గిరిమిటి అనేవారు. పేరుకి ఒప్పందమే. వెళ్లినవాళ్లని అక్కడ కొరడా పట్టుకుని పని చేయించేవారనీ, ఒంట్లో బాగులేదంటే కూలి కోసేవారనీ, పారిపోతే జైల్లో వేసేవారనీ తర్వాతెప్పుడో తెలిసింది. అది తెలిసేసరికి వైకుంఠరావు మేడ కట్టేశాడు, సత్రం కట్టేశాడు, హాయిగా మంచం మీద కన్ను కూడా మూసేశాడు. సర్కారువారు గిరిమిటిని రద్దు చేశారు గాని, పోయినవాళ్లని తెచ్చి ఇవ్వలేదు. కొడుకులు తండ్రి విగ్రహం చేయించి, ఆ కొట్టం ఉన్నచోటే నిలబెట్టి, దిమ్మ మీద 'బీదలకు దారి చూపిన ధర్మదాత' అని చెక్కించారు. పల్లెలో చదవడం వచ్చినవాడు ఒక్కడూ లేడు కాబట్టి ఆ అక్షరాలు చూసి ఎవరికీ ఒళ్లు మండలేదు.

ఒళ్లు మండినవాడు మన్మథరావు. అతనిది నిమ్మాడ, సేద్యం చేసుకునే కుటుంబం. అతని తండ్రి గిరిమిటికి పోయి తిరిగివచ్చిన కొద్దిమందిలో ఒకడు. వచ్చాడన్న మాటేగాని, పట్టపగలు కూడా తలుపు వేసుకుని కూర్చునే మనిషిగా వచ్చాడు. ఎవరైనా కాస్త గట్టిగా పిలిస్తే చాలు, లేచి నిలబడి చేతులు కట్టుకునేవాడు. పిలిచింది కన్నకొడుకైనా సరే. చిన్నప్పుడు అది చూసి నవ్వొచ్చేదట మన్మథరావుకి. పెద్దవాడయ్యాక ఆ ఇంట్లో గొంతు పెంచి మాట్లాడ్డమే మానేశాడు.

తండ్రి పోయాక అతను ఊరూరా తిరిగి సభలు పెట్టాడు. ఖద్దరు చొక్కా, అరిగిపోయిన చెప్పులు. "మనల్ని అమ్ముకు తిన్నవాడికి మన నేల మీదే రాయి నిలబెట్టారు. అది అక్కడ ఉన్నంతకాలం, అమ్మడం తప్పు కాదని మనమే ఒప్పుకున్నట్టు. దాన్ని పగలగొట్టి సముద్రంలో పారెయ్యాలి," అనేవాడు. నన్నడిగితే ఇందులో ఒక్క మాటా తప్పు లేదు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు గొణిగారు, సత్రంలో అన్నం తిన్నవాళ్లు. మొత్తానికి విగ్రహం తీసెయ్యాలని అర్జీ ఒకటి పైకి పంపాడు. అది పంపాక, అన్ని ఊళ్లకంటే ఎక్కువమంది మగవాళ్లు పోయిన పాతరేవు నుంచి మరో అర్జీ వెళ్తే బలంగా ఉంటుందనుకుని, కాగితాలూ సిరా తీసుకుని పల్లెకి బయల్దేరాడు.

వెళ్లి విగ్రహం ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. రాతికాళ్లకి నిండా పసుపు. పాదాల మీద కుంకుమ బొట్లు. చీలమండల చుట్టూ పాతవలల ముక్కలు ముడేసి ఉన్నాయి.

పక్కనే ఇసకలో ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్లలో రాజులమ్మ అనే ఆవిడ లేచి వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతులనిండా ఆకుపచ్చ గాజులు, నుదుట ఇంత బొట్టు.

"ఈ కాళ్లకి పసుపెవరు రాసేరమ్మా?" అన్నాడు మన్మథరావు.

"నానే రాసేను బాబూ. అమాసకి రాత్తాం, అందరం."

"ఇతనెవరో తెలుసా నీకు?"

"తెలకేటి. వైకుంఠరావు. మా మొగుళ్లని ఓడెక్కించినోడు."

"తెలిసే రాస్తున్నారా?"

"ఆడికెందుకు రాత్తాం? ఆడు సచ్చిపోతే మా పల్లెలో ఒక్కరి కన్నూ తడవనేదు. ఆడి కాళ్లకి కాదు బాబూ, ఇది మా గుంజ," అంది రాజులమ్మ.

గుంజ సంగతి చెప్పాలి. ఆ పల్లెలో ప్రతి మగవాడూ పెళ్లయిన ఏడు తన చేత్తో ఒడ్డున ఒక గుంజ పాతుకుంటాడు. తెప్ప తాడు దానికే కడతాడు. వేటకి పోయినవాడు తిరిగి రాకపోతే, శవం కూడా దొరక్కపోతే, అతని పెళ్లాం విధవ కాదు. గుంజ నిలబడి ఉన్నంతకాలం ఆమె ముత్తైదువే. ఏళ్లు గడిచి ఉప్పుగాలికి గుంజ పుచ్చి ఎప్పుడో పడిపోతుంది. అప్పుడు కులపెద్ద వచ్చి ఆ గుంత దగ్గర గాజులు తీయిస్తాడు. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చకూడదు. మగవాడు ఊళ్లో లేనప్పుడు దాన్ని పీకితే ఆ మనిషి పోయినట్టే లెక్క. గుంజ లేని ఆడది గాజులేసుకుని ఒడ్డున తిరిగితే మిగతావాళ్ల తెప్పలకి కీడని భయం. మనకి నవ్వు రావచ్చు. పొద్దున లేస్తే చావుకి ఎదురు వెళ్లేవాళ్లు పెట్టుకున్న కట్టడి అది. నవ్వడానికి మనమెవరం?

బైరాగి, అంటే రాజులమ్మ మొగుడు, పాతిన గుంజ గాలివానలో కొట్టుకుపోయింది. తెప్పలూ గుంజలూ అన్నీ ఒకేసారి పోయాయి. తెప్పలు పోయాయి కాబట్టే ఆ ఏడు మగవాళ్లు వైకుంఠరావు కాగితానికి చిక్కారు. దగ్గర్లోనే ఎక్కడో రేవు కడుతున్నారు, ఆర్నెల్ల పని, అని చెప్పాడు ఆ పెద్దమనిషి. ఓడ ఎక్కే రోజున కొట్టం మధ్యలో ఉన్న రాటని పట్టుకుని బైరాగి పెళ్లాంతో, "వొచ్చి కొత్త గుంజ పాతుతాను. అందాకా ఈ రాటే మన గుంజనుకో," అన్నాడు. పక్కనున్న మగవాళ్లు కూడా తలా ఒక చెయ్యి ఆ రాట మీద వేశారు. తర్వాత కొట్టం తీసేశారు, రాట పైభాగం కోసేసి, నేలలో ఉన్న మొదలు మీదే దిమ్మ కట్టి విగ్రహం నిలబెట్టారు. అప్పటి కులపెద్ద బాగా ఆలోచించి, పైన రాయి పెట్టింది ఎవరైనా కింద మొదలు మాత్రం మగాళ్లు చెయ్యేసిందే, దాన్ని ఎవరూ పీకలేదు, కాబట్టి ఇదే మీ గుంజ అని తీర్పు చెప్పాడు. ఆడవాళ్లు తమ మగవాళ్ల వలముక్కలు తెచ్చి దాని కాళ్లకి కట్టారు. కర్రగుంజ అయితే పుచ్చేది. రాయి కాబట్టి పుచ్చలేదు, వాళ్ల ఆశా పుచ్చలేదు.

ఈ పసుపు చూసి వైకుంఠరావు పెద్దకొడుకు పొంగిపోయి, మా నాన్నగారిని జాలర్లు దేవుడిలా కొలుస్తున్నారని టెక్కలి అంతా చెప్పుకున్నాడు. అది వేరే కథ.

మన్మథరావు ఇదంతా విని ఇసకలో కూలబడ్డాడు.

"మా అయ్య కూడా ఈ కొట్టంలోనే ఉన్నాడమ్మా," అన్నాడు. "తిరిగొచ్చేడు. ఏం లాభం? కూడు తింటా తింటా అక్కడి సంగతి గుర్తొస్తే కంచంలో చెయ్యి కడిగేసుకునేవోడు. ఈ బొమ్మని సూస్తే నాకు కడుపు రగిలిపోతాది."

"రగిలితే రగలనీ బాబూ. మీ అయ్య ఒచ్చేడు. నా పెనిమిటి ఇంకా రావాల."

బొడ్డమ్మ అని రాజులమ్మ ఈడు మనిషే, ఆమె మొగుడూ అదే ఓడలో పోయాడు. చేపల బుట్ట దించి తనూ వచ్చింది. "ఆ మొకం సూత్తే నాకూ ఉమ్మాలనే ఉంటాది. అందుకే మొకం సూడను. కాళ్లే సూత్తాను," అంది.

"ఇన్నేళ్లయింది కదమ్మా. బతికుంటే ఒక కబురైనా రాదా?"

"సచ్చిపోడం నువ్వు సూసేవేటి?" అంది రాజులమ్మ.

"లేదు."

"సూడనప్పుడు సెప్పకు."

మన్మథరావు ఊరుకోలేదు. ఊరుకునే మనిషైతే ఇంతదూరం వచ్చేవాడు కాదు. ఈ రాయి తీసేసి దీనిచోటే మంచి టేకుగుంజ నేనే తెచ్చి పాతిస్తానన్నాడు. పాతినవాడో, చెయ్యేసినవాడో అక్కడ ఉండాలి, పరాయివాళ్లు పాతిన గుంజకి తెప్పలే కట్టరు, మనుషుల్ని ఎలా కడతాం అన్నారు వాళ్లు. అతను కాగితం తీసి సిరా మూత విప్పగానే ఆడవాళ్లందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "ఏలు కాయితం మీద పెట్టే మా మొగుళ్లు పోనారు. మా ఏళ్లు మాకుండనీ," అంది బొడ్డమ్మ. అందులో కోపం లేదు. ఎండలో పడి వచ్చావని చెప్పి కొబ్బరినీళ్లిచ్చి మరీ పంపించారు.

కొద్దిరోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి అతనికి మంచి ఆలోచనే తట్టింది. విగ్రహాన్ని కదపొద్దు. దిమ్మ మీద ధర్మదాత అన్న అబద్ధాన్ని చెక్కి తీసేసి, అక్కడ ఓడెక్కిన మగవాళ్ల పేర్లన్నీ చెక్కిద్దాం. బైరాగి పేరు ముందుంటుంది. వీడు అమ్మాడు, వీళ్లు అమ్ముడుపోయారు అని వచ్చేపోయేవాళ్లకి తెలుస్తుంది.

రాజులమ్మ ముఖం వెలిగింది. బైరాగి పేరు రాతిమీద ఎలా ఉంటుందో ఇసకలో రాసి చూపించమంది. అతను వేలితో రాశాడు. ఆమె వంగి చాలాసేపు చూసింది.

అంతలో బొడ్డమ్మ అంది: "రాతిమీద పేర్లు సచ్చినోళ్లకి కదా రాత్తారు."

రాజులమ్మ కాలితో ఆ అక్షరాలు చెరిపేసింది. "ఒద్దు బాబూ. అలాగుండనీ," అంది.

"అయితే ఈ దొంగ ధర్మదాతగానే నిలబడి ఉండాలా? రేపు మీ మనవలు ఇదే నిజమనుకోరా?"

"అనుకుంటారు. నాను పోయేక పగలగొట్టు. నా మీదొట్టు, పగలగొట్టు. నానున్నంతసేపూ ఉండనీ."

ఆ రోజు మన్మథరావు ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు. న్యాయం అతని వైపు ఉంది. గాజులు ఆమె చేతులకున్నాయి. ఆ రెండూ ఒక్క రాయికే కట్టి ఉన్నాయి, దేన్ని విప్పినా రెండోది జారిపోతుంది. తండ్రి గుర్తొచ్చి ఏడ్చాడు. చివరికి కూర్చుని, ఆ విగ్రహం మీద ఇచ్చిన అర్జీ వెనక్కి తీసుకుంటున్నాననీ, ఈ ముసలమ్మలు బతికి ఉన్నంతకాలం దాన్ని కదపవద్దనీ ఇంకో అర్జీ రాశాడు. పైవాళ్లకి మొదటిదే విసుగు. రెండోది ఎవరూ చదివిన జాడ లేదు.

మొదటిది మాత్రం పని చేసింది. విగ్రహం మీద గొడవ నడుస్తోంది, మీ సొత్తు మీరు చూసుకోండి అని పెద్దకొడుక్కి కబురు వెళ్లింది. అతనికి రోషం వచ్చింది. తండ్రి పేరిట టెక్కలిలో కొత్త హాలు కట్టిస్తున్నాడు. ఇసకలో, చేపకంపులో, ఈ కృతఘ్నుల మధ్య నాన్నగారు ఎందుకుండాలి, హాలు ముందు పాలరాతి దిమ్మ మీద పెడదాం అన్నాడు. ఎడ్లబళ్లు, మోకులు, గడ్డపారలు, కూలీలు, కుర్చీ, గొడుగు, అన్నీ ఒక పొద్దుట పాతరేవులో దిగాయి.

రాజులమ్మ విగ్రహం కాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. మిగతా ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. విగ్రహం తెస్తున్నారని టెక్కలిలో దండోరా విని మన్మథరావు ముందురోజే బయల్దేరాడు. అతను చేరేసరికి మోకులు విగ్రహం నడుముకి బిగిస్తున్నారు. తిన్నగా వెళ్లి పెద్దకొడుకు కుర్చీ ముందు నిలబడ్డాడు.

"తియ్యకండి," అన్నాడు.

పెద్దకొడుకు నవ్వాడు. "తియ్యమని ఊరూరా తిరిగి అరిచింది నువ్వే కదయ్యా. తీస్తున్నాం. ఇంకేం కావాలి?"

"పగలగొట్టమన్నాను. ఊరేగించమన్లేదు. ఇప్పుడు అదీ వద్దంటున్నాను. ఈ అమ్మలకి ఇది..." అని గుంజ సంగతి చెప్పబోయాడు. పెద్దకొడుకు వినకుండానే రాజులమ్మ వైపు తిరిగి, "నాన్నగారి మీద ఇంత భక్తి ఉందా నీకు? టెక్కలి రా, ఎప్పుడొచ్చినా దండం పెట్టుకోనిస్తారు. నేను చెప్పి ఉంచుతాను," అన్నాడు. నిజంగా దయతోనే అన్నాడు. ఆ దయ చూస్తే ఎవరికైనా చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"భక్తేటి బాబూ," అంది రాజులమ్మ. "మీ అయ్య నాకేటి సేసేడో నీకు తెలదేటి? నా పెనిమిటి ఒచ్చీదాకా ఈ రాయొక్కటీ ఒగ్గీ. నిన్ను ఇంకేటీ అడగను."

పెద్దకొడుకు కూలీలకి చెయ్యి ఊపాడు. వాళ్లూ ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్లే. ఒకడు రాజులమ్మ పక్కన గొంతుక్కూర్చుని, ముఖం చూడకుండా ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. "తప్పుకో అప్పా, తప్పుకో. మాదేటీ నేదు," అంటూనే ఉన్నాడు. విగ్రహం ఒరిగింది, దానితోపాటే కింది రాట మొదలూ పెళ్లగిలి పైకొచ్చింది. వలముక్కలు తెగి ఇసకలో పడ్డాయి. బండెక్కించే ముందు సముద్రపు నీళ్లు తెచ్చి కాళ్ల పసుపు కడిగేశారు. మన్మథరావు చక్రానికి అడ్డం పడుకుంటే రెండు రెక్కలూ పట్టి పక్కకి లాగారు. బండి కొబ్బరితోటల్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు కులపెద్ద సింహాద్రి వచ్చాడు. వెనకటి తీర్పు చెప్పిన కులపెద్దకి కొడుకు ఇతను. వచ్చి గుంత దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. అతని కొడుకులు వేటకి పోయి ఇంకా ఒడ్డు చేరలేదు. పల్లె అంతా అతని వైపే చూస్తోంది.

"గుంజ పోనాది," అన్నాడు. "నానేటి సెయ్యగలను అప్పా."

"పీకింది వాళ్లు కదా, మీరు కాదు కదా," అన్నాడు మన్మథరావు. రాత్రంతా అక్కడే ఉండిపోయాడతను.

"ఎవులు పీకినా పీకినట్టే బాబూ. రేపు ఒక తెప్ప తిరగబడితే ఆ తల్లికి నాను ఏటని సెప్పను? నువ్వు సెప్తావేటి?"

సభల్లో అన్ని మాటలు చెప్పిన మన్మథరావు వంగి, ఇసకలో తెగిపడ్డ వలముక్కలు ఏరసాగాడు.

రాజులమ్మ సింహాద్రితో వాదించలేదు. "మారుమనువు సేసుకునే ఈడున్నప్పుడు ఈ మాట సెప్పినా బాగుణ్ణు," అంది. "అప్పుడు ముత్తైదువని అన్నారు. ఆ మాట పట్టుకునే బతికేను. ఇప్పుడు ముసిలిదాన్నయ్యేక ముండమోపిని సేత్తన్నారు." అని తనే వెళ్లి గుంత అంచున కూర్చుని చేతులు చాపింది. బొడ్డమ్మ ఆమె పక్కన కూర్చుంది. తర్వాత మిగతావాళ్లు. ఏ ఒడ్డున ఎప్పుడు పోయారో తెలియని మగవాళ్లు ఆ పొద్దుట ఒక్కసారిగా చచ్చిపోయారు. ఆకుపచ్చ గాజుముక్కలు ఇసకలో కలిసిపోయాయి.

వెళ్లేముందు రాజులమ్మ మన్మథరావు దగ్గర ఆగింది. "నువ్వు సెడ్డోడివి కాదు బాబూ. ఇంటికెలిపో," అంది. తిట్టినా బాగుండేది అతనికి.

టెక్కలిలో హాలు ముందు పెద్ద పందిరి వేసి, మేళం పెట్టి విగ్రహం నిలబెట్టారు. సముద్రతీరపు పేదజనం నాన్నగారి పాదాలకి పసుపు రాసి పూజించేవారని పెద్దకొడుకు చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు. మన్మథరావు సభల్లో చప్పట్లు కొట్టిన చేతులూ అందులో ఉన్నాయి. అతను మళ్లీ అర్జీ రాయబోతే, ఇప్పుడది వాళ్ల సొంత స్థలం, అర్జీకి కూడా వీల్లేదన్నారు.

మనిషి పోయాడన్నాక పెద్దదినం చెయ్యాలి. కాకికి కూడు పెట్టాలి. ఆ రోజు దాకా రాజులమ్మ గంజినీళ్లతోనే గడిపింది. ఒడ్డుకి బయల్దేరుతుంటే బొడ్డమ్మ ఆమె చెయ్యి పట్టుకుని రహస్యంగా చెప్పింది: "కాకి ముట్టకపోతే ఆడు బతికున్నట్టే. సింహాద్రి కూడా కాదనలేడు. గాజులు మళ్లీ ఏసుకోవచ్చు."

ఆ మాట విని రాజులమ్మకి ప్రాణం లేచి వచ్చింది. ఆకులో అన్నం వడ్డించి, బైరాగికి ఇష్టమైన నెత్తళ్ల పులుసు పోసింది. ఇష్టమని పోసిందిగాని, తినకూడదనే కోరుకుంది. మిగతావాళ్లూ ఎవరి ఆకు వాళ్లు పెట్టారు. ఎవరూ 'కావు కావు'మని కాకిని పిలవలేదు. ముట్టొద్దు, ముట్టొద్దు అని అందరి పెదాలూ కదులుతున్నాయి. పాతరేవు కాకులకి చేపలంటే కరువు లేదు. ఎండబెట్టిన చేపల చుట్టూ పొద్దస్తమానం తిరిగేవే. కడుపు నిండినవి ఇటు రావులే అని బొడ్డమ్మ ధైర్యం చెప్పింది.

రాజులమ్మ ఇంకా నడుము ఎత్తకముందే ఒక కాకి వచ్చి ఆమె ఆకు మీదే వాలింది. మనిషిని చూసి బెదరలేదు. గబగబా ముక్కుతో పొడుచుకుని తినడం మొదలుపెట్టింది. మెతుకులు చుట్టూ చెదిరిపోయాయి. బొడ్డమ్మ దాన్ని తోలడానికి చెయ్యి ఎత్తింది.

రాజులమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కాకి వైపే చూస్తూ, "తోలకే. ఎన్నాళ్లనుంచి తిన్లేదో," అంది. కుండలో అడుగున మిగిలిన అన్నం కూడా తీసి ఆకులో పెట్టింది.